ఇంజిన్ కందెన వ్యవస్థలో తేమ, మడ్డి: తక్కువ దూరపు ప్రయాణాల పాత్ర

వ్యాససంగ్రహం:
కారు ఇంజిన్ ఆయిల్‌లో చేరే నీరు బయటి గాలిలోని తేమ నుంచి వస్తుందన్న అభిప్రాయం వాడుకలో ఉంది. ఆ నీటిలో అత్యధిక భాగం ఇంధన దహనంలోనే పుడుతుంది. అది ఇంజిన్‌లో నిలిచిపోతుందా, బయటికి పోతుందా అన్నది కారు తిరిగిన కిలోమీటర్ల మీద కాక, ప్రతి ప్రయాణంలోనూ ఆయిల్ ఎంత వేడెక్కింది, ఆ వేడిలో ఎంతసేపు ఉంది అన్న అంశాల మీద ఆధారపడుతుంది. ఆ నీటి పుట్టుకను, అది మడ్డిగా పరిణమించే క్రమాన్ని, దానిని గుర్తించే పద్ధతులను, తెలుగు ప్రాంతాల వాడుక పరిస్థితుల్లో దాని ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్యపదాలు: ఇంజిన్ ఆయిల్, బ్లోబై వాయువు, తుషార స్థానం, ఎమల్షన్, మడ్డి, క్రాంక్‌కేస్ గాలి ప్రసరణ, స్వల్ప ప్రయాణాలు.

1. ఉపోద్ఘాతం

పాత కార్ల బేరంలో "తక్కువ తిరిగిన బండి" అన్న మాటకు ప్రత్యేకమైన విలువ ఉంది. ఏడేళ్ల కారు ముప్పై వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిందంటే ధర పెరుగుతుంది. క్వార్టర్స్ నుంచి కళాశాలకు, అక్కడి నుంచి కూరగాయల మార్కెట్‌కు, ఆదివారం గుడికి తిరిగిన కారు అరగలేదన్నది ఆ ధర వెనుక ఉన్న నమ్మకం. అటువంటి కారు ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే కొన్నిసార్లు దాని అడుగున వెన్నపూస వంటి తెల్లని ముద్ద కనిపిస్తుంది. అమ్మేవారు "వానాకాలం కదండీ, తేమ" అంటారు. వెంట వచ్చిన మెకానిక్ "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఈ బండి వద్దు" అంటాడు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండవచ్చు. చాలా సందర్భాల్లో రెండూ పొరపాటే.

ఈ పొరపాటుకు వెల ఉంది. మొదటి మాటను నమ్మితే నిజమైన కూలెంట్ లీకును తేమగా భావించి ఇంజిన్‌ను పోగొట్టుకోవచ్చు. రెండవదాన్ని నమ్మితే చెడిపోని ఇంజిన్ హెడ్‌ను విప్పించి వేల రూపాయలు వృథా చేసుకోవచ్చు. ఈ రెండింటికీ అవతల మూడో నష్టం ఒకటుంది. తెల్లని ముద్దను తుడిచేసి, కారు ఎలాగూ తక్కువే తిరుగుతోంది కనుక ఆయిల్ మార్చనక్కర్లేదని ఊరుకోవడం వల్ల కలిగేది అది. అన్నింటికన్నా ఎక్కువగా జరిగేదీ అదే.

2. నీరు ఎక్కడ పుడుతుంది

పెట్రోలు హైడ్రోజన్, కార్బన్‌ల సమ్మేళనాల మిశ్రమం. అది మండినప్పుడు కార్బన్ బొగ్గుపులుసు వాయువుగానూ, హైడ్రోజన్ నీటి ఆవిరిగానూ మారతాయి. ఆక్టేన్‌ను ఉదాహరణగా తీసుకుంటే, 114 గ్రాముల ఆక్టేన్ పూర్తిగా దహనమైతే 162 గ్రాముల నీరు వెలువడుతుంది. వాడుకలోని పెట్రోలులో హైడ్రోజన్ పాలు కాస్త తక్కువే అయినా, సాంద్రతను కూడా లెక్కలోకి తీసుకుంటే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందని చెప్పవచ్చు. ఉదయం స్టార్ట్ చేసిన కారు సైలెన్సర్ గొట్టం చివర నుంచి బొట్లు బొట్లుగా కారేది ఈ నీరే.

ఈ నీటిలో దాదాపు అంతా పొగగొట్టం గుండా బయటికి పోతుంది. పూర్తిగా పోకపోవడానికి కారణం పిస్టన్ రింగుల నిర్మాణంలో ఉంది. రింగులు సిలిండర్ గోడకు ఎంత గట్టిగా ఆనుకున్నా, వాటి కొసల మధ్య సన్నని సందు తప్పదు. దహన సమయంలోని అధిక పీడనానికి కొంత వాయువు ఆ సందుల గుండా కిందికి, క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిలోకి జారుతుంది. దీనినే బ్లోబై వాయువు అంటారు. అందులో కాలని ఇంధన మిశ్రమం పాలు ఎక్కువ. కాలిన వాయువు, దానితో పాటు నీటి ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి కూడా ఉంటాయి. మంచి స్థితిలో ఉన్న ఇంజిన్‌లో ఇది లోపలికి పీల్చిన గాలిలో స్వల్ప శాతమే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కు, గోడకు మధ్య ఖాళీ ఎక్కువ కనుక జారే వాయువూ ఎక్కువే. అలా లీటరు ఇంధనానికి కొన్ని మిల్లీలీటర్ల నీరు క్రాంక్‌కేస్‌లోకి చేరుతుంది.

కొన్ని మిల్లీలీటర్లు లెక్కలోకి రావనిపించవచ్చు. వాడిన ఇంజిన్ ఆయిల్ పరీక్షల్లో 0.2 శాతం నీటిని సాధారణంగా హెచ్చరిక హద్దుగా తీసుకుంటారు. నాలుగు లీటర్ల ఆయిల్ పట్టే ఇంజిన్‌లో 0.2 శాతమంటే ఎనిమిది మిల్లీలీటర్లు. రెండు చెంచాల కన్నా తక్కువ.

ఇక బయటి గాలి సంగతి. విశాఖపట్నంలోనో కాకినాడలోనో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. ఆపేసిన ఇంజిన్ 90 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు చల్లారేటప్పుడు లోపలి గాలి ఆరో వంతు మేర కుంచించుకుని, ఆ మేరకు బయటి గాలిని లోనికి లాగుతుంది. క్రాంక్‌కేస్‌లోని ఖాళీ ఆరు లీటర్లనుకుంటే లోనికి వచ్చేది ఒక లీటరు గాలి. అందులోని నీరు 24 మిల్లీగ్రాములు. పైన చెప్పిన ఎనిమిది మిల్లీలీటర్లకు చేరాలంటే, ఒక్క చుక్క కూడా ఆవిరి కాకుండా ఇటువంటి రాత్రులు మూడు వందలకు పైగా గడవాలి. సముద్రతీరపు తేమ ఇంజిన్ బయటి భాగాలను తుప్పు పట్టిస్తుందన్నది నిజమే. లోపలి ఆయిల్‌ను పాడుచేసే నేరంలో దాని పాత్ర మాత్రం అతిస్వల్పం.

3. నిలిచే నీరు, పోయే నీరు

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు దాని లోపలి వైపు నుంచి నీళ్లు కారతాయి. పాత్ర అడుగున ఉన్న ఆవిరి మూత చల్లదనానికి నీటిబొట్లుగా మారుతుంది. ఇంజిన్‌లో జరిగేదీ ఇదే. ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. పెట్రోలు ఇంజిన్ పొగలో నీటి ఆవిరి ఘనపరిమాణంలో సుమారు 13 శాతం. దాని తుషార స్థానం 50 డిగ్రీల పైచిలుకు. బ్లోబై వాయువులో కాలని మిశ్రమం కలిసి ఉంటుంది కనుక అక్కడ ఈ స్థానం మరికొంత కిందికి దిగుతుంది. అయినా రాత్రంతా నిలిచి 20, 25 డిగ్రీల వద్ద ఉన్న లోహపు గోడ ఆవిరిని నీరుగా మార్చడానికి సరిపోతుంది.

సీఎన్‌జీతో నడిచే కార్లలో ఈ అంశానికి మరింత ప్రాధాన్యం ఉంది. మీథేన్‌లో హైడ్రోజన్ పాలు ఎక్కువ కావడం వల్ల 16 గ్రాముల మీథేన్ 36 గ్రాముల నీటిని పుట్టిస్తుంది. దాని పొగలో నీటి ఆవిరి 19 శాతం దాకా ఉంటుంది. తుషార స్థానం 60 డిగ్రీలకు చేరువవుతుంది. సీఎన్‌జీ "శుభ్రమైన ఇంధనం" అన్న మాట మసి విషయంలో నిజం, నీటి విషయంలో కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి ఇటీవల వినిపిస్తున్న భయాల్లో ఒకటి, అది ఇంజిన్‌లో నీటిని ఎన్నో రెట్లు పెంచుతుందన్నది. లీటరు ఇథనాల్ దహనంలో పుట్టే నీరు లీటరు పెట్రోలు నుంచి పుట్టే నీటికి దగ్గరగానే ఉంటుంది. ఇథనాల్ విషయంలో ఆలోచించవలసినది వేరే ఉంది. అది ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా రెట్టింపుకు మించిన వేడి కావాలి. అందుచేత చల్లని ఇంజిన్‌లో కొంత ఇంధనం ద్రవరూపంలోనే సిలిండర్ గోడ మీదుగా ఆయిల్‌లోకి దిగే అవకాశం పెరుగుతుంది.

చేరిన నీరు మళ్లీ పోవాలంటే ఆయిల్ 100 డిగ్రీలకు మరగనక్కర్లేదు. దండెం మీద ఆరవేసిన బట్ట మరగకుండానే ఆరుతుంది. దానికి కావలసినది కొంత వెచ్చదనం, వీచే గాలి. ఇంజిన్‌లోనూ ఆయిల్ 80 డిగ్రీలకు చేరి, క్రాంక్‌కేస్ గుండా గాలి ప్రసరిస్తూ ఉంటే అరగంట, ముప్పావుగంట ప్రయాణంలో నీరు చాలావరకు వెళ్లిపోతుంది. డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. అది చూపేది కూలెంట్ వేడిని, ఆయిల్ వేడిని కాదు. కూలెంట్ సిలిండర్ల చుట్టూ తిరుగుతూ త్వరగా వేడెక్కుతుంది. ఆయిల్ కింద ఛాంబర్‌లో, ఎదురుగాలి తగిలే చోట ఉండి ఆలస్యంగా వేడెక్కుతుంది. ముల్లు మధ్యకు వచ్చిన చాలా నిమిషాల తరువాత గాని ఆయిల్ పూర్తి వేడిని అందుకోదు. రెండు, మూడు కిలోమీటర్ల ప్రయాణం అంతకన్నా ముందే ముగుస్తుంది.

2020 లాక్‌డౌన్ నెలల్లో బ్యాటరీ దిగిపోకుండా రోజూ ఐదు నిమిషాలు ఇంజిన్ స్టార్ట్ చేసి ఆపిన వారు ఎందరో. బ్యాటరీ పట్ల ఆ శ్రద్ధ మెచ్చదగినదే, కానీ ఆయిల్ దృష్టిలో అంతకన్నా చెడ్డ అలవాటు లేదు. కదలని ఇంజిన్ మెల్లగా వేడెక్కుతుంది, చల్లగా ఉన్నంతసేపూ ఇంధనం మోతాదుకు మించి పడుతుంది, వేడెక్కేలోపే ఆగిపోతుంది. ఒక్కో స్టార్ట్ మిగిల్చే నీరు మిల్లీలీటరులో ఒక భాగమే కావచ్చు. అయితే అది తీసివేత లేని కూడిక.

4. గాలి ప్రసరణ: ఒక చిన్న చరిత్ర

తొలితరం కార్లలో క్రాంక్‌కేస్ నుంచి ఒక గొట్టం కిందికి దిగి రోడ్డు మీది గాలిలోకి తెరుచుకుని ఉండేది. కారు వేగంగా పోతున్నప్పుడు ఆ గాలి గొట్టం కొస వద్ద పీడనాన్ని తగ్గించి, లోపలి వాయువులను బయటికి లాగేది. కారు ఆగి ఉన్నా, ఊళ్లో నెమ్మదిగా పోతున్నా ఆ లాగుడు ఉండేది కాదు. నగరాల్లో తిరిగే కార్ల ఇంజిన్లలో మడ్డి పేరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ లోపాన్ని సరిదిద్దిన ఒత్తిడి మడ్డి నుంచి రాలేదు. లాస్ ఏంజెలెస్ నగరపు ఆకాశం నుంచి వచ్చింది. ఆ నగరాన్ని కమ్ముతున్న పొగమంచుకు వాహనాల నుంచి వెలువడే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు సూర్యకాంతిలో చర్య జరపడం కారణమని 1950లలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ నిరూపించారు. రోడ్డు మీదికి వదిలే బ్లోబై వాయువు అందులో గణనీయమైన భాగమని తేలింది. 1960ల తొలి సంవత్సరాల్లో కాలిఫోర్నియాలో మొదలై, క్రమంగా అంతటా పీసీవీ కవాటం ప్రవేశించింది. ఇది ఇంజిన్ పీల్చుకునే శక్తినే ఉపయోగించి క్రాంక్‌కేస్ వాయువులను మళ్లీ సిలిండర్లలోకి పంపి కాల్చేస్తుంది. వాటి స్థానంలో ఎయిర్ ఫిల్టర్ గుండా శుభ్రమైన గాలి లోపలికి వస్తుంది. ఊరి గాలిని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు ఇంజిన్ ఆయిల్‌ను కూడా కాపాడింది.

ఈ కవాటం చాలా కార్లలో బొటనవేలంత ఉంటుంది, ఖరీదు స్వల్పం. సర్వీసింగ్‌లో దానిని తీసి చూసే అలవాటు మన షెడ్లలో దాదాపు లేదు. అది మడ్డితో మూసుకుపోతే రెండు పరిణామాలు కలుగుతాయి. తేమ బయటికి పోయే దారి మూసుకుని మడ్డి మరింత పెరుగుతుంది. లోపల పీడనం పెరిగి ఆయిల్ సీళ్ల వద్ద లీకులు మొదలవుతాయి. ఆ లీకులకు సీళ్లు మార్చి, కారణాన్ని అలాగే వదిలేయడం తరచుగా జరిగే పని.

5. నీటి నుంచి మడ్డి దాకా

నీరు ఆయిల్‌లో మూడు రూపాల్లో ఉంటుంది. కొంతమేర కంటికి కనిపించకుండా కరిగి ఉంటుంది. ఆ హద్దు దాటినది సూక్ష్మ బిందువులుగా విడిపోయి ఎమల్షన్‌గా, అంటే మజ్జిగలా తెల్లబారిన మిశ్రమంగా మారుతుంది. అంతకు మించినది విడి నీరుగా అడుగుకు దిగుతుంది. ఆయిల్, నీరు కలవవన్నది సామాన్యానుభవం. అయినా ఇక్కడ కలవడానికి కారణం ఆయిల్‌లో కలిపిన సంకలితాలే. మురికిని విడదీసి తేల్చి ఉంచడానికి చేర్చిన పదార్థాల అణువుల్లో ఒక కొస నూనెను, మరొక కొస నీటి వంటి పదార్థాలను ఆకర్షిస్తుంది. సబ్బు చేసే పని ఇదే. ఆయిల్‌ను కాపాడవలసిన గుణమే నీటిని కూడా పట్టి ఉంచుతుంది.

నీరు కేవలం పలుచన చేసి ఊరుకోదు. లోహపు అరుగుదలను తగ్గించే జింక్ డైథయోఫాస్ఫేట్ జలవిశ్లేషణకు లోనై తన గుణాన్ని కోల్పోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు నీటితో కలిసి ఆమ్లాలుగా మారతాయి. ఇంధనంలోని గంధకం కూడా ఇలాగే సల్ఫ్యూరికామ్లానికి దారితీస్తుంది. ఈ విషయంలో పరిస్థితి మెరుగైంది: భారత్ స్టేజ్-4 ఇంధనంలో పది లక్షల భాగాలకు 50 వరకు అనుమతించిన గంధకం, 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్-6లో 10 భాగాలకు తగ్గింది. నైట్రోజన్ ఆమ్లాలు మాత్రం తగ్గలేదు. అవి ఇంధనం నుంచి కాక గాలిలోని నైట్రోజన్ నుంచి పుడతాయి. ఈ ఆమ్లాలను తటస్థీకరించడానికి ఆయిల్‌లో క్షార నిల్వ ఉంటుంది. అది ఖర్చవుతూ పోతుంది.

మడ్డి అసలు పుట్టుక ఈ రసాయన చర్యల్లోనే ఉంది. బ్లోబై వాయువులోని కాలీకాలని హైడ్రోకార్బన్లు నైట్రోజన్ ఆక్సైడ్లతో చర్య జరిపి, ఆయిల్‌లో కరగని జిగట పదార్థాలకు బీజాలుగా మారతాయి. ఆ జిగటకు నీరు, మసి, లోహపు రజను అంటుకుంటాయి. కొంతకాలం సంకలితాలు ఈ రేణువులను విడివిడిగా తేల్చి ఉంచుతాయి. వాడకంలో ఆయిల్ నల్లబడటం అందుకే. నల్లబడిన ఆయిల్ చెడిపోయిన ఆయిల్ అన్న భావన సర్వత్రా ఉంది. నిజానికి అది పనిచేస్తున్న ఆయిల్. ఎన్ని నెలలు గడిచినా తేనెరంగులోనే ఉన్న ఆయిల్ మురికిని మోయకుండా గోడల మీదే వదిలేస్తోందేమోనన్న అనుమానానికీ చోటుంది. సంకలితాల శక్తి అయిపోయిన రోజున రేణువులు ఒకదానితో ఒకటి గుంపుకట్టి, చల్లని చోట్ల పేరుకుంటాయి. ఈ పతనం క్రమంగా కాక ఒక్కసారిగా జరిగినట్లు కనిపిస్తుంది.

మడ్డికి మరో దారి కూడా ఉంది. అధిక వేడిలో ఆయిల్ తానే ఆక్సీకరణం చెంది చిక్కబడి, నల్లని తారులా మారుతుంది. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలకూ ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో వాడే స్థూల సూత్రం. 1980లలో ఐరోపాను కలవరపెట్టిన "నల్లమడ్డి" ఈ రెండు దారులూ కలిసిన చోట పుట్టింది. ఊళ్లో నెమ్మదిగా సాగే ప్రయాణాలు బీజాలు వేస్తే, రహదారి మీద అధిక వేగం వాటిని గట్టిపరిచింది. ఒక్కో దేశపు వాడుక తీరు ఒక్కో రకం మడ్డిని పెంచుతుందని ఆ అనుభవం చూపింది.

ఈ అవగాహన ఆయిల్ ప్రమాణాల్లోనూ చోటు చేసుకుంది. యుద్ధానంతర అమెరికా నగరాల్లో ఆగుతూ సాగే ప్రయాణాల వల్ల ఏర్పడిన శీతల మడ్డిని ఎదుర్కోవడానికే 1950ల చివరి కాలం నుంచి బూడిద మిగల్చని విక్షేపక సంకలితాలు వాడుకలోకి వచ్చాయి. అమెరికాలో ఆయిళ్ల అర్హతను నిర్ణయించే సీక్వెన్స్-5 వరుస ఇంజిన్ పరీక్షల లక్ష్యం మడ్డి, వార్నిష్ పూతలను కొలవడం. ఆ వరుసలోని వీజీ పరీక్షలో 4.6 లీటర్ల ఫోర్డ్ వీ8 ఇంజిన్‌ను 216 గంటలపాటు తక్కువ, మధ్యస్థ ఉష్ణోగ్రతల వద్ద నడిపి, తరువాత విప్పి, భాగాల మీది మడ్డికి మార్కులు వేసేవారు. ఇంజిన్‌ను మాడ్చి చేసే పరీక్ష కాదిది. చల్లగా ఉంచి చేసే పరీక్ష.

6. నష్టం ఎక్కడ

వాల్వులను కప్పే మూతను మెకానిక్‌లు ట్యాపెట్ కవర్ అంటారు. దాని లోపలి మడ్డి చూడటానికి అసహ్యంగా ఉన్నా అక్కడది పెద్దగా హాని చేయదు. అది ఊడి కదిలినప్పుడు అసలు ప్రమాదం. ఛాంబర్ అడుగున ఆయిల్ పంపుకు ముందు సన్నని జల్లెడ ఉంటుంది. దానిని స్ట్రైనర్ అంటారు. ఊడిన మడ్డి దాని కళ్లను మూసివేస్తే పంపుకు ఆయిల్ అందదు. ఛాంబర్ నిండా ఆయిల్ ఉండగానే బేరింగులు ఎండిపోతాయి. ప్రెషర్ లైటు వెలిగిన కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ పట్టేయవచ్చు. టర్బో ఉన్న కార్లలో నిమిషానికి లక్షకు పైగా తిరిగే ఇరుసుకు సన్నని గొట్టం ద్వారానే ఆయిల్ అందుతుంది. వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగాల్లోని జల్లెడలు అంతకన్నా సన్నవి. పిస్టన్ మీది ఆయిల్ రింగు రంధ్రాలు మూసుకుంటే, గోడ మీది ఆయిల్ కిందికి దిగక మండిపోతుంది, ఆయిల్ తగ్గుతుంది, మిగిలిన ఆయిల్ మీద భారం పెరిగి మడ్డి మరింత వేగంగా పుడుతుంది.

చవక చిట్కాల ప్రమాదం కూడా ఈ జల్లెడ వద్దే ఉంది. పాత ఆయిల్ దించి, డీజిలు పోసి కాసేపు నడిపి "కడగడం" రోడ్డు పక్క షెడ్లలో వాడుకలో ఉన్న పద్ధతి. పల్చని మడ్డి ఉన్నచోట అది పనిచేసినట్లే కనిపిస్తుంది. మందంగా పేరుకున్న ఇంజిన్‌లో అదే డీజిలు మడ్డిని పెళ్లలుగా ఊడదీసి నేరుగా స్ట్రైనర్ మీదికి చేరుస్తుంది. అటువంటి ఇంజిన్‌కు మంచి ఆయిల్‌ను తక్కువ వ్యవధుల్లో రెండు మూడుసార్లు మార్చి మెల్లగా కరిగించడమో, ఛాంబర్ విప్పి స్ట్రైనర్ శుభ్రం చేయడమో సురక్షితం.

7. గుర్తించడం

మూత కింద కనిపించే తెల్లదనం మాత్రమే ఏ నిర్ణయానికీ ఆధారం కాదు. ఆ మూత ఇంజిన్‌లో అన్నింటికన్నా పైన, వేడికి దూరంగా, గాలి తగిలే చోట ఉంటుంది. ఇడ్లీ పాత్ర మూత వంటిదే. మొదటగా చూడవలసినది డిప్‌స్టిక్. దాని కొసన ఆయిల్ శుభ్రంగా ఉండి, మూతకే ముద్ద పరిమితమైతే ద్రవీకరణ నీటినే అనుమానించాలి. మూత తుడిచి, 30, 40 కిలోమీటర్లు ఆగకుండా నడిపి, కొద్దిరోజుల తరువాత మళ్లీ చూస్తే ముద్ద తగ్గిపోతుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాలు కలిపిన కాఫీలా ఉంటే, కూలెంట్ ట్యాంకు మట్టం తగ్గుతూ ఉంటే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే విషయం వేరు. అప్పుడు కారును నడపడమే మానాలి. కూలెంట్‌లోని గ్లైకాల్ ఆయిల్‌తో కలిసి ఏర్పరిచే జిగట పదార్థం బేరింగులకు నీటికన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం.

ఆయిల్‌లో నీటిని పసిగట్టే సులభమైన పరీక్ష ప్రతి తెలుగు వంటింట్లోనూ తాలింపు వేళ జరుగుతూనే ఉంటుంది. కాగిన నూనెలో తడి గరిటె పెడితే చిటపటలాడుతుంది. ప్రయోగశాలలో సుమారు 160 డిగ్రీలకు వేడిచేసిన పలక మీద ఒక చుక్క ఆయిల్ వేసి బుడగలను, శబ్దాన్ని గమనిస్తారు. 0.1 శాతం ప్రాంతంలోని నీటిని అది పట్టిస్తుంది. ఎంత ఉందో కచ్చితంగా చెప్పదు. కచ్చితమైన కొలతకు జర్మన్ రసాయనవేత్త కార్ల్ ఫిషర్ 1935లో ప్రకటించిన అంశమాపన పద్ధతే నేటికీ ప్రామాణికం. ఆయిల్‌లో సోడియం, పొటాషియం పరిమాణాలు పెరిగినట్లు వర్ణపట విశ్లేషణలో తేలితే అది కూలెంట్ లీకుకు సూచన. దహనంలో పుట్టిన నీటిలో ఆ లవణాలు ఉండవు.

డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడాన్ని అందరూ గమనిస్తారు. పెరగడాన్ని శుభంగా భావిస్తారు. ఆయిల్ పెరగదు, ఇంకేదో వచ్చి కలుస్తుంది. 2018 చలికాలంలో ఉత్తర చైనాలో ఒక టర్బో పెట్రోలు ఇంజిన్ కార్లలో ఆయిల్ మట్టం పెరుగుతోందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. గడ్డకట్టే చలిలో చేసిన స్వల్ప ప్రయాణాల్లో ఇంజిన్ వేడెక్కక, కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగింది. భారత్ స్టేజ్-6 డీజిలు కార్లలో ఇదే ఫలితం మరో కారణంతో వస్తుంది. పొగలోని మసిని పట్టే వడపోతను శుభ్రం చేయడానికి ఇంజిన్ అదనపు డీజిలును ఆలస్యంగా చిమ్మి, ఆ వేడితో మసిని కాలుస్తుంది. ఆ ప్రక్రియ ముగిసేలోపే కారు ఆపేస్తే చిమ్మిన డీజిలులో కొంత సిలిండర్ గోడ మీదుగా ఛాంబర్‌లోకి చేరుతుంది. పెట్రోలు వేడికి ఆవిరై కొంత పోతుంది. డీజిలు అంత సులభంగా పోదు.

8. తెలుగు ప్రాంతాల్లో వాడుక

కోస్తా, రాయలసీమ, తెలంగాణ మైదానాల్లో సంవత్సరంలో ఎక్కువ కాలం ఉదయం వేళ కూడా ఇంజిన్ 20 డిగ్రీలకు పైనే మొదలవుతుంది కనుక త్వరగా వేడెక్కుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్, అరకు, లంబసింగి ప్రాంతాలు ఇందుకు మినహాయింపు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో స్థిరపడిన తెలుగువారికి మూత కింది ముద్ద ప్రతి శీతాకాలపు దృశ్యమే. ఇక్కడ అది అరుదుగా కనిపించడం వల్ల రెండు విపరీతాలు ఏర్పడ్డాయి: కనిపించినప్పుడు అతిగా భయపడటం, కనిపించనప్పుడు సమస్యే లేదనుకోవడం. నిజానికి ఇక్కడి నగర ప్రయాణం వేరొక మిశ్రమాన్ని తయారుచేస్తుంది. మొదటి కిలోమీటర్లలో చల్లని ఇంజిన్ బీజాలు వేస్తుంది. వేసవి మధ్యాహ్నం హైదరాబాదు, విజయవాడ కూడళ్లలో ఏసీతో గంటసేపు నిలిచిన ఇంజిన్ వాటిని గట్టిపరుస్తుంది. ఆ గంటసేపూ కిలోమీటర్ల మీటరు మాత్రం దాదాపు కదలదు.

కార్ల మాన్యువళ్లలో ఆయిల్ మార్పుకు దూరం, కాలం రెండూ ఇస్తారు; ఏది ముందైతే అది. పదివేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం అన్నది సాధారణంగా కనిపించే లెక్క. వాడకందార్లు మొదటి సగాన్నే గుర్తుంచుకుంటారు. అదే పుస్తకంలో "కఠిన పరిస్థితులు" అన్న శీర్షిక కింద తక్కువ వ్యవధి సూచిస్తూ, ఏవి కఠినమో చెబుతారు. ఆ జాబితాలో దుమ్ము, కొండదారులు, బరువు లాగడంతో పాటు పదేపదే చేసే స్వల్ప ప్రయాణాలు కూడా ఉంటాయి. రోజుకు నాలుగు కిలోమీటర్లు తిరిగే కారు ఆ జాబితాలోకి వస్తుందని దాని యజమానికి తోచదు. అటువంటి కారుకు ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చడం, వారానికి ఒకసారి ముప్పావుగంట ఆగకుండా రహదారి మీద నడపడం, ఉదయం నిలిపి వేడిచేయడం మాని స్టార్ట్ చేసిన అరనిమిషానికే నెమ్మదిగా బయల్దేరడం మేలు. కదిలే ఇంజిన్ నిలిచిన ఇంజిన్ కన్నా చాలా ముందే వేడెక్కుతుంది.

కొన్ని సంస్థలు కిలోమీటర్లకు బదులు ఇంజిన్ చుట్లను, ఉష్ణోగ్రతను లెక్కించి ఆయిల్ ఆయువును అంచనా వేసే ఏర్పాట్లు చేశాయి. వాటి అవసరం హైబ్రిడ్ కార్లతో మరింత పెరిగింది. ఈ కార్లలో ఇంజిన్ ఒకే ప్రయాణంలో పలుమార్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. మోటారు నడిపినంతసేపూ ఆయిల్ చల్లబడుతూ ఉంటుంది. మీటరు మాత్రం ఇంజిన్ తిరగని కిలోమీటర్లను కూడా కలిపి లెక్కిస్తుంది. పదివేల కిలోమీటర్లు చూపిన రోజున ఆ ఆయిల్ అందులో ఎంత దూరం పనిచేసింది, ఎంతసేపు పూర్తి వేడిలో ఉంది అన్నది ఆ అంకె నుంచి తెలియదు.